తపస్సుకాలంల లాటిన్ పాటల మీద ధ్యానం, ఏ పాటతోని మొదలువెట్టాలె?

అందరికి వందనాలు. మాది మిర్యాలగూడ దిక్కు, విచారణల (మా చర్చి పరిధిల) యూత్‌కు పాటలు నేర్పుత. ఈసారి తపస్సుకాలంల (ఈస్టర్ ముందటి నలభై దినాల ఉపవాస కాలం) శుక్రవారం సిలువమార్గం (ఏసు సిలువ మోసిన దారిని 14 స్థలాలల్ల ఆగుకుంట తలుసుకునే ప్రార్థన) అయినంక పది నిమిషాలు ఒక పాత లాటిన్ పాట అర్థం మీద ధ్యానం చేద్దామనుకుంటున్న, మా తాత ఉపదేశిగ (చర్చిల బోధ చెప్పేటాయనగ) ఉన్నప్పుడు ఇవన్ని ఆయనకు నోటికొచ్చేవంట, అడుగుదామంటే ఇప్పుడు ఆయన లేడు. పిల్లలకు లాటిన్ ఒక్క ముక్క రాదు. ఏది తీస్కోవాలె, పాడిపియ్యాల్నా ఉత్తగ చదివితే సాలునా?

జవాబు 1
తమ్మీ, స్తాబాత్ మాతెర్ తీస్కో. 13వ శతాబ్దం పాట, మూడేసి లైన్ల చరణాలు 20 ఉంటయి, సిలువమార్గంల స్థలం స్థలానికి మధ్యల ఒక్కో చరణం పాడే అలవాటు పాతకాలం నుంచే ఉంది. స్తాబాత్ అంటే నిలవడి ఉండె అని. కొడుకు ఏసు సిలువ మీద ఉంటే ఆ తల్లి మరియమ్మ కూలవడలే, నిలవడ్డది, యోహాను సువార్తల కూడ గదే మాట. ఫస్ట్ 8 చరణాలు ఆమెను దూరంకెల్లి సూస్తం, ఈ తల్లిని సూసి ఏడ్వని మనిషెవడు అని అడుగుతది పాట, 9వ చరణంకొచ్చేసరికి అమ్మా నీ దుఃఖంల నాకు కూడ పాలియ్యి అని మనమే అడుగుతం. ఆడ ఆగి రెండు నిమిషాలు సప్పుడు లేకుండ కూసోపెట్టు. మా అమ్మ పోయిన ఏడు నేను ఆ చరణం దాటి ముందుకు పోలేకపోయిన.

జవాబు 2
అక్క చెప్పింది కరెక్టే, కాని పవిత్ర వారంల (ఈస్టర్ ముందటి వారం) వెక్సిల్లా రేజిస్ అనే పాట ఇడువకు అన్నా. 569ల నిజసిలువ (ఏసును కొట్టిన సిలువ అని నమ్మేది) ముక్కను ఫ్రాన్స్‌ల పొయితియే ఊరికి రాణి రాదెగుండ్ తెప్పిస్తే, దానికి ఎదురువోయి స్వాగతం చెప్పనీకె వెనాన్సియుస్ ఫోర్తునాతుస్ రాసిండు. దేవుడు మ్రాను మీదికెల్లి రాజ్యమేలిండు అని ఒక లైన్ ఉంటది, సిలువను ఓటమి లెక్క కాదు సింహాసనం లెక్క సూసిండు ఆయన. మాది మహబూబ్‌నగర్, ఈ ఒక్క లైన్ మీదనే పోయినేడు అరగంట మాట్లాడుకున్నం.

జవాబు 3
పాడిపియ్యాలంటే అత్తెండె దోమినె అనే పాట తీస్కో. పల్లవి ఒక్కటి నేర్పితే సాలు, ఆలకించు ప్రభువా, కనికరించు, నీకు విరోధంగ పాపం చేసినం అని, చరణాలు తెలుగుల చదువుండ్రి. తపస్సుకాలంల వాయిద్యాలు పాటకు ఆసరా వరకే కదా, డోలక్ పక్కకువెట్టి ఉత్త గొంతులతోని పాడిపియ్యి.

అడిగినాయన
మస్తు థాంక్స్ అక్కా, అన్నలూ. మొదటి శుక్రవారం అత్తెండె దోమినె పల్లవి, తర్వాత వారాలల్ల స్తాబాత్ మాతెర్ వారానికి నాలుగు చరణాలు. 9వ చరణం వచ్చిననాడు మా నాయనమ్మను కూడ పిలుస్త, ఆమెకు తాత పాడిన రాగం యాదికుందంట.