పాత గోడ మీద ముఖం చెక్కాలంటే ఎలా?

మాది పర్లాకిమిడి. పోర్చుగల్ ఆర్టిస్ట్ విల్స్ (అసలు పేరు అలెషాండ్రె ఫార్టో) రంగులు పూయకుండా సుత్తి, ఉలి, డ్రిల్‌తో గోడ పూత పెచ్చులు లేపి, లోపలి ఇటుకనే నీడగా వాడుకుంటూ ముఖాలు చెక్కుతాడు, 2008లో లండన్‌లో జరిగిన కాన్స్ ఫెస్టివల్ (వీధి గోడల మీద బొమ్మలు వేసే స్ట్రీట్ ఆర్ట్ పండుగ)తో బాగా పేరొచ్చింది. నాకు ఆ పద్ధతి ఎంత నచ్చిందో చెప్పలేను. నాయనమ్మ ఉండగానే మా ప్రహరీ గోడ మీద ఆవిడ ముఖం అలా చెక్కాలని ఉంది. గోడ పాత ఇటుకది, సున్నం గచ్చు, పైన ఏళ్ల తరబడి వేసిన వెల్ల, గోరుతో గీకితే తెలుపు కింద నీలం, దాని కింద పసుపు కనిపిస్తాయి. ఉలి పెడితే పెచ్చు గీత దాటి ఊడిపోతుందేమోనని టెన్షన్. ముందే అంచులు గ్రైండర్‌తో కోసుకోవాలా? ఇటుక బయటపడ్డాక వానకి గోడ నానకుండా ఏం పూయాలి? బరంపురం, శ్రీకాకుళం వైపు ఈ పని తెలిసిన మేస్త్రీలుంటే దయచేసి చెప్పండి.