గండిపేటలో నీటిమట్టం, నీటిపక్షుల సంఖ్య: లెక్క ఎలా కట్టాలి?

1908 మూసీ వరదల తర్వాత నగర రక్షణకూ తాగునీటికీ కట్టిన ఉస్మాన్‌సాగర్, అంటే మన గండిపేట, చలికాలంలో వలసపక్షులకు కూడా ఆశ్రయమిస్తోంది. అక్కడ ఒక ఒడ్డున నేను కొంతకాలంగా పక్షులను లెక్కిస్తున్నాను. ఒక విషయంలో అనుభవజ్ఞుల సలహా కావాలి.

నీటిమట్టం పూర్తిస్థాయి అయిన 1790 అడుగులకు (సముద్రమట్టం నుంచి ఎత్తు) చేరువగా ఉన్నప్పుడు సూదితోక బాతులు నడిమధ్య గుంపులుగా తేలుతూ కనిపిస్తాయి గానీ, బురదనేల మునిగిపోవడంతో ఉల్లంకుల వంటి ఒడ్డు పక్షులకు మేత దొరకదు. నీరు తగ్గాక అదే చోట, పొడవాటి గులాబీ కాళ్ల స్టిల్ట్ పక్షులు జానెడు లోతు నీటిలో అడుగడుక్కీ ముక్కు ముంచి పురుగులను ఏరుకుంటాయి. చిక్కంతా ఇక్కడే ఉంది: తేలిన నేల మీదికి వాహనాలు, సందర్శకులు, కుక్కలు కూడా వస్తాయి కనుక, ఒక వారం పక్షులు తగ్గితే అది నీటిమట్టం వల్లనా, ఈ అలజడి వల్లనా అని తేల్చలేకపోతున్నాను.

బయటపడిన బురదనేల విస్తీర్ణాన్ని ఉపగ్రహ చిత్రాలతో కొలవడం మేలా, ఒడ్డున గుర్తులు పాతుకోవడం మేలా? మనుషుల రాకపోకలను ఏ పద్ధతిలో నమోదు చేయాలి? జనవరిలో జరిగే ఆసియా నీటిపక్షుల గణనలో పాల్గొన్నవారు, ముఖ్యంగా హిమాయత్‌సాగర్, అమీన్‌పూర్ చెరువుల వద్ద లెక్కించినవారు, తాము వాడిన నమోదు పట్టికను వివరించగలిగితే ఈ చలికాలం నుంచే దాన్ని అనుసరిస్తాను.