ఎనిమిదో నెల భయం, ఊపిరితిత్తుల ఇంజెక్షన్: మీ అనుభవాలు చెప్పండి

గోదారి_కుర్రాడు
మా ఆవిడకి 32వ వారం నడుస్తోంది. బీపీ తగ్గట్లేదు, కాన్పు ముందే చేయాల్సి రావచ్చని డాక్టరమ్మ చెప్పారు. బిడ్డ ఊపిరితిత్తుల కోసమని 12 గంటలకొకటి చొప్పున నాలుగు ఇంజెక్షన్లు రాశారు, ఈ రాత్రి నుంచే మొదలు. ఇంట్లో మాత్రం ఒకటే గోల. "ఏడో నెల పిల్లలు బతుకుతారు, ఎనిమిదో నెల పిల్లలు దక్కరు, ఎలాగైనా తొమ్మిదో నెల దాకా ఆపించు" అని అత్తయ్య కన్నీళ్ళు పెట్టుకుంటున్నారు. ఆపడం మన చేతుల్లో ఉందా అండీ? ఈ దారిలో నడిచినవాళ్ళు కాస్త చెప్పండి. ఆమెకి షుగర్ కూడా ఉంది.

నైట్‌డ్యూటీ_సిస్టర్
చాలా ఏళ్ళుగా ఎన్‌ఐసీయూలోనే, అంటే పసిబిడ్డల ఐసీయూలోనే, పని చేస్తున్నాను తమ్ముడూ. ముందు ఇంజెక్షన్లు సమయానికి పడేలా చూసుకో. కోర్సు మొదలైన 24 గంటల నుంచి ఓ వారం దాకా వాటి ఫలితం బాగా ఉంటుంది. అవి స్టెరాయిడ్లు కాబట్టి తల్లికి కొన్ని రోజులు షుగర్ పెరుగుతుంది, తరచుగా చెక్ చేయమని వార్డులో గుర్తుచెయ్యి. స్టెరాయిడ్ అనగానే కంగారుపడొద్దు, ఇది ఒక్క కోర్సు.

ఇక ఏడో నెల, ఎనిమిదో నెల మాట. మా దగ్గర 28 వారాల బిడ్డనీ, 33 వారాల బిడ్డనీ పక్కపక్క వార్మర్లలో పెడతాం. ఎవరికి ఎక్కువ ఆక్సిజన్, ఎవరికి వెంటిలేటర్ అవసరమవుతాయో ఒక్కసారి చూస్తే మీ అత్తయ్యగారే ఆ మాట మానేస్తారు. ఎనిమిదో నెల బిడ్డే గట్టి. కడుపులో ఒక్క వారం ఎక్కువ ఉన్నా ఆ మేరకు లాభమే.

బయాలజీ_మాస్టారు
సిస్టర్ చెప్పినదానికి కారణం ఇది. ఫలదీకరణ నుంచి లెక్కేస్తే నాలుగో వారంలో, ఆహారనాళం కాబోయే గొట్టం ముందు గోడ నుంచి ఒక మొగ్గ పొడుచుకొస్తుంది. ఊపిరితిత్తులకు అదే మొదలు. అది రెండుగా చీలి, మళ్ళీ మళ్ళీ చీలుతూ పోతుంది. గాలి గొట్టాలు కొమ్మలు వేసే పని సుమారు 16, 17 వారాలకే దాదాపు అయిపోతుంది. ఆ తర్వాత గొట్టాలు పొడవు, వెడల్పు పెరుగుతాయి గానీ కొత్త కొమ్మలు పెద్దగా రావు. ఆరో నెల వచ్చేసరికి గొట్టాల చివర్లకు రక్తనాళాలు దగ్గరగా చేరతాయి. అంతకు ముందే పుట్టిన బిడ్డకు గాలి లోపలికి పోయినా, ఆక్సిజన్ రక్తంలోకి దాటే చోటే ఉండదు.

అసలు కథ 24 వారాల ప్రాంతంలో మొదలవుతుంది. సర్ఫాక్టెంట్ అనే కొవ్వు పదార్థాన్ని కొన్ని కణాలు అప్పుడే తయారుచేయడం మొదలుపెడతాయి. అది లేకపోతే, తడిసిన పాలిథిన్ కవరు పొరల్లా, గాలి వదిలినప్పుడల్లా లోపలి గదుల గోడలు అతుక్కుపోతాయి. ప్రతి ఊపిరికీ వాటిని మళ్ళీ మొదటి నుంచి తెరవాలి. కాసేపటికే బిడ్డ అలిసిపోతుంది. సరిపడా సర్ఫాక్టెంట్ తయారయ్యేది 34, 35 వారాలకు. మీకు రాసిన ఇంజెక్షన్ ఆ పని త్వరగా జరిగేలా చేస్తుంది.

ఎనిమిదో నెల భయం మన ఒక్కళ్ళదే కాదు, పాత గ్రీకు వైద్యులూ అదే నమ్మేవారు. స్కానింగులు లేని రోజుల్లో నెలల లెక్క ఎవరికి కచ్చితంగా తెలుసు చెప్పండి?

పాతకాలపు_మనిషి
పెద్దలు ఊరికే అనలేదు మాస్టారూ. అమెరికా అధ్యక్షుడు కెనడీ కొడుకే ఎనిమిదో నెలలో పుట్టి పోయాడు. అంత పెద్ద దేశం, అంత డబ్బు. ఏం చేయగలిగారు?

బయాలజీ_మాస్టారు
నిజమే. 1963 ఆగస్టు 7న పుట్టాడు ప్యాట్రిక్ కెనడీ, ఐదున్నర వారాలు ముందుగా. బరువు రెండు కిలోల పైనే. 39 గంటలు బతికాడు. కానీ అతని ప్రాణం తీసింది ఎనిమిదో నెల కాదు, ఊపిరితిత్తుల్లో సర్ఫాక్టెంట్ చాలకపోవడం. ఆ సంగతిని మేరీ ఎలెన్ ఏవరీ, జెరె మీడ్ అప్పటికి నాలుగేళ్ళ ముందే, 1959లో, కనిపెట్టారు. కారణం తెలిసింది, మందు మాత్రం లేదు. జపాన్‌లో ఫుజివారా బృందం ఆవు ఊపిరితిత్తుల నుంచి తీసిన సర్ఫాక్టెంట్‌ను పదిమంది పసిబిడ్డలకు ఇచ్చి ఫలితం చూపించింది 1980లో. ఈ రోజుల్లో అంత బరువుతో, అన్ని వారాలకు పుట్టిన బిడ్డ మన జిల్లా కేంద్రాల్లోని మంచి ఎన్‌ఐసీయూలోనూ మామూలుగా గట్టెక్కుతుంది.

ఆక్లాండ్_వాసు
మాది భీమవరం, ఇప్పుడు న్యూజిలాండ్‌లోని ఆక్లాండ్‌లో ఉంటున్నాం. మీ ఆవిడకి రాసిన ఇంజెక్షన్ వెనక కథ ఈ ఊరిదే. గ్రాహం లిగిన్స్ అనే డాక్టరు గొర్రెల మీద పరిశోధన చేసేవారు, నొప్పులు ఎందుకు మొదలవుతాయో తెలుసుకుందామని. స్టెరాయిడ్ ఇచ్చాక బాగా ముందుగా పుట్టిన ఒక గొర్రెపిల్ల, బతకకూడని వయసులో ఊపిరి పీల్చింది. ఆయన దృష్టి అటు మళ్ళింది. పిల్లల డాక్టరు రాస్ హౌవీతో కలిసి 282 మంది తల్లుల మీద చేసిన అధ్యయనం 1972లో బయటికొచ్చింది. విచిత్రమేమిటంటే దీన్ని ప్రపంచమంతా మామూలుగా వాడడానికి ఇంకో ఇరవై ఏళ్ళకు పైనే పట్టింది. ఇంత చవక మందు విషయంలో ఆ ఆలస్యం తలుచుకుంటే ఇప్పటికీ కోపం వస్తుంది నాకు.

నైట్‌డ్యూటీ_సిస్టర్
మన దేశంలో 2014లో కేంద్రం మార్గదర్శకాలు ఇచ్చింది. 24 నుంచి 34 వారాల మధ్య ముందస్తు నొప్పులొస్తే, పెద్దాసుపత్రికి పంపే ముందే ఏఎన్ఎం (ఊళ్ళో ఉండే ప్రభుత్వ నర్సమ్మ) కూడా ఈ ఇంజెక్షన్ మొదటి డోసు వేయొచ్చు. పల్లెల్లో ఉన్నవాళ్ళు ఇది గుర్తుపెట్టుకోండి, అడగండి.

చిన్నూ_వాళ్ళమ్మ
మా వాడు 30 వారాలకు పుట్టాడు. నాకు ఒక్క డోసే పడింది, అంతలోనే కాన్పు అయిపోయింది. పుట్టగానే మూలిగినట్టు శబ్దం, డొక్కలు ఎగరేయడం. సన్నటి గొట్టంతో సర్ఫాక్టెంట్ లోపలికి పంపి, ముక్కుకి సీప్యాప్ పెట్టారు, ఊపిరితిత్తులు మూసుకుపోకుండా ఆగకుండా గాలి ఒత్తిడి ఇచ్చే గొట్టం. నీళ్ళలో గాలి బుడబుడమంటూ ఉంటుందే, అదే. ఊపిరి తీయడం మరిచిపోయేవాడు ఒక్కోసారి, దానికి కెఫీన్ మందు ఇచ్చారు. కాఫీలో ఉండేదే అని చెబితే మా నాన్న నమ్మలేదు. తర్వాత రోజూ గంటలకొద్దీ గుండెకి ఆనించుకుని కంగారూ కేర్.

ఒక్క విషయం చెప్తాను, ఎవరూ ముందు చెప్పరు. అంత ముందుగా పుట్టిన పిల్లలకి మొదటి రెండేళ్ళు మామూలు జలుబే ఛాతీలోకి దిగిపోతుంది. మా వాడికి పిల్లికూతలు వచ్చి రెండు చలికాలాలు నెబ్యులైజర్‌తో గడిచాయి. ఇప్పుడు స్కూల్లో ఖోఖో ఆడుతున్నాడు.

కరీంనగర్_కోడలు
మాది వేరే కథ. నెలలు తక్కువేం కాదు, 37 వారాలు. మంచి నక్షత్రం ఉందని ముహూర్తం పెట్టించి సిజేరియన్ చేయించారు, నొప్పులు కూడా రాలేదు. పాపకి పుట్టగానే ఆయాసం, బాక్సులో పెట్టారు. ఆసుపత్రిలో "ఉమ్మనీరు మింగేసింది" అన్నారు. నిజంగా అంతేనా?

నైట్‌డ్యూటీ_సిస్టర్
అమ్మా, ఉమ్మనీరు మింగడం కడుపులో ప్రతి బిడ్డా చేసే పనే. ఊపిరితిత్తులు కూడా నీటితోనే నిండి ఉంటాయి, ఆ నీటిని అవే తయారుచేసుకుంటాయి. నొప్పులు మొదలయ్యాక బిడ్డ ఒంట్లో ఆడ్రినలిన్ లాంటి హార్మోన్లు పెరిగి ఆ నీటిని లోపలికి పీల్చేయమంటాయి. నొప్పులు లేకుండా, అదీ 39 వారాలు నిండకుండా కోస్తే ఆ నీరు కొంత మిగిలిపోతుంది. ఎక్కువమందికి రెండు మూడు రోజుల్లో సర్దుకుంటుంది. మీ పాపదీ అదే అయ్యుండొచ్చు, డిశ్చార్జి కాగితం చూస్తే తెలుస్తుంది. తెలంగాణలో నూటికి 60 కాన్పులు ఆపరేషన్లేనని 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది. అవసరమైన సిజేరియన్ ప్రాణం నిలబెడుతుంది. నక్షత్రం కోసం అయితే కనీసం 39 వారాలు దాటిన ముహూర్తం పెట్టమని పంతులుగారినే అడగండి, ఆయనకేం అభ్యంతరం ఉండదు!

పాతకాలపు_మనిషి
ముహూర్తం కూడా తప్పేనా! రేపు సాంబ్రాణి కూడా వద్దంటారు.

చిన్నూ_వాళ్ళమ్మ
అవును బాబాయ్, వద్దనే అంటాం. స్నానం కాగానే గది తలుపులు మూసి పసిబిడ్డకి సాంబ్రాణి పట్టించడం మా ఇంట్లో మేం మానేశాం. పొగ పొగే, నిప్పుల మీద ఏది వేసినా. ముక్కులో నూనె చుక్కలు వేయడం కూడా మానండి, అది ఊపిరితిత్తుల్లోకి జారితే న్యుమోనియా వస్తుంది. వాసన కావాలంటే పూలు పెట్టుకుందాం గదిలో.

బయాలజీ_మాస్టారు
పొగ మాట ఎందుకంత గట్టిగా చెప్పాలంటే, పుట్టేనాటికి ఊపిరితిత్తుల పని సగం కూడా అవ్వదు. పుట్టిన బిడ్డలో గాలి గదులు కొన్ని కోట్లు. పెద్దయ్యాక 30 నుంచి 50 కోట్లు. ఆ పెరుగుదలలో ఎక్కువ భాగం మొదటి రెండు మూడేళ్ళలోనే జరుగుతుంది. బీడీ, సిగరెట్, కట్టెల పొయ్యి పొగ అదే సమయంలో తగిలితే నష్టం చాలాకాలం ఉంటుంది. నెలలు నిండకుండా పుట్టినవాళ్ళకు కలిసొచ్చేదీ ఆ రెండు మూడేళ్ళే, ఎందుకంటే కొత్త గదులు ఇంకా కట్టుకునే అవకాశం ఉంటుంది.

గోదారి_కుర్రాడు
అందరికీ దండాలు. రెండు ఇంజెక్షన్లు పడ్డాయి, షుగర్ పెరిగింది, ఇన్సులిన్ డోసు మార్చారు. అత్తయ్యకి మీ పోస్టులు చదివి వినిపించాను. కెనడీ దగ్గర ఆగిపోయారు, మళ్ళీ మొదటి నుంచి చదవమన్నారు. ఇంటికొచ్చాక ఏం గమనించుకోవాలి?

నైట్‌డ్యూటీ_సిస్టర్
బిడ్డ ప్రశాంతంగా ఉన్నప్పుడు పొట్ట ఎగసిపడడం చూస్తూ పూర్తిగా ఒక నిమిషం లెక్కపెట్టు. రెండు నెలల లోపు 60 అంతకు మించి, ఏడాది లోపు 50 అంతకు మించి ఉంటే డాక్టరుకి చూపించాలి. డొక్కలు ఎగరేసినా, పెదాలు నీలంగా మారినా, పాలు తాగలేకపోయినా లెక్కలు పక్కన పెట్టి వెంటనే బయల్దేరు. టీకాలు పుట్టిన తేదీ ప్రకారమే, నెలలు తక్కువని వాయిదా వేయొద్దు. న్యుమోనియా టీకా పీసీవీ ప్రభుత్వ కేంద్రాల్లో ఉచితం: ఆరు వారాలకు, 14 వారాలకు, తొమ్మిదో నెలకు. బోర్లా పడడం, కూర్చోవడం లాంటివి మాత్రం అసలు డెలివరీ తేదీ నుంచి లెక్కేసుకో, లేకపోతే అనవసరంగా టెన్షన్ పడతావు.