అరకులో విచారణ (స్థానిక కాథలిక్ సంఘం) ధ్యానకూటం: మొదటిసారి వెళ్లేవారికి సలహా కావాలి

అందరికీ ప్రభువు నామమున వందనాలు. మాది విజయనగరం. బొబ్బిలిలో బాప్టిస్టు కుటుంబంలో పుట్టిన నేను పెళ్లయ్యాక ఆర్‌సీఎం (రోమన్ కాథలిక్) విచారణకు వస్తున్నాను గాని, ఇప్పటికీ పూర్తిగా ఆ సభలో చేరలేదు. డిసెంబరులో, ఆగమన కాలంలో (క్రిస్మస్‌కు ముందు సిద్ధపడే వారాల్లో), మా విచారణ వారు శని, ఆదివారాలు అరకులో ధ్యానకూటం పెడుతున్నారు. అత్తగారితో నన్నూ రమ్మన్నారు.

శనివారం సాయంత్రం నుంచి మరునాటి దివ్యబలి పూజ (మాస్) వరకు మౌనం పాటించాలని చెప్పారు. మా సంఘంలో ఉపవాస ప్రార్థన అంటే గొంతెత్తి ప్రార్థించడమే కనుక ఈ మౌనం నాకు బొత్తిగా కొత్త. ఆ సమయంలో బైబిలు చదువుకోవచ్చా, నోట్సు రాసుకోవచ్చా? అందరూ పాపసంకీర్తనానికి (ఫాదరు దగ్గర పాపాలు ఒప్పుకోవడానికి) వరుసలో నిలబడినప్పుడు నేను పక్కన కూర్చుంటే తప్పుగా అనుకుంటారా? సత్ప్రసాదం (పూజలో ఇచ్చే అప్పం) నేను తీసుకోకూడదని తెలుసు. దానికి బదులు గురువు (ఫాదరు) దగ్గర ఆశీర్వాదం మాత్రం అడిగే అలవాటు మన వైపు ఉందా?

ఇక ప్రయాణం. అత్తగారికి 68 ఏళ్లు, మోకాళ్ల నొప్పులు, పైగా ఘాట్ రోడ్డు మలుపుల్లో వాంతులవుతాయి. అందరూ బస్సులో శృంగవరపుకోట, అనంతగిరి మీదుగా వెళ్తున్నారు. మేమిద్దరం శృంగవరపుకోటలో కిరండూల్ ప్యాసింజరు రైలు ఎక్కడం ఆమెకు సుఖంగా ఉంటుందా, లేక రద్దీలో నిలబడాల్సి వస్తుందా? 900 మీటర్ల ఎత్తున డిసెంబరు చలికి ఒక్క రగ్గు చాలదని నా అనుమానం. పెద్దవాళ్లను తీసుకువెళ్లినవారు దయచేసి చెప్పండి.