పాపకి చెంపలు, పిర్రల మీద పొక్కులు: నర్సరీకి పంపొచ్చా?

మిల్టన్ కీన్స్ (ఇంగ్లండు) నుంచి:
నమస్కారమండీ. మూడేళ్ళ పాప. జలుబు తగ్గాక చెంపలు, మోచేతులు, మోకాళ్ళు, పిర్రల మీద ఎర్ర పొక్కులు లేచాయి. జీపీ (ఇక్కడి ఫ్యామిలీ డాక్టర్) చూసి జియానొట్టి క్రోస్టి అనే చర్మ సమస్య అన్నారు, మందేమీ రాయలేదు. అత్తయ్యగారేమో అమ్మవారంటున్నారు.

లెస్టర్ నుంచి:
అమ్మవారు కాదమ్మా. అదైతే పొట్టా వీపూ వదలదు; నీటి పొక్కు, చెక్కు కట్టింది, కొత్తది పక్కపక్కనే ఉంటాయి. ఇందులో అన్నీ ఒకే తీరు, గట్టిగా, రెండు వైపులా సమానంగా. పొట్ట, వీపు దాదాపు ఖాళీ. వైరస్‌కి ఒంటి స్పందన ఇది. ఎక్కువగా ఎప్‌స్టీన్ బార్ అనే వైరస్ వల్ల, ఒక్కోసారి టీకా తర్వాత కూడా. 2 నుంచి 8 వారాలు పట్టొచ్చు. మొదట్లో పెరిగితే కంగారుపడకండి. పొక్కులు అంటుకోవు. జ్వరం లేకుండా హుషారుగా ఉంటే పంపొచ్చు. నర్సరీవాళ్ళు చికెన్‌పాక్స్ అనుకుని, చెక్కు కట్టేదాకా రావద్దంటారు. జీపీ రాసిన పేరు ముందే చూపించండి.

రెడింగ్ నుంచి:
రక్తపరీక్ష అడగండి! 1955లో మిలాన్‌లో జియానొట్టి దీన్ని వర్ణించారు, తర్వాత హెపటైటిస్ బి అనే కాలేయ వైరస్‌తో సంబంధం తేలింది.

లెస్టర్ నుంచి:
పరీక్షకి ముందు టీకా పుస్తకం చూడాలి. ఇండియాలో హెపటైటిస్ బి టీకా పుట్టగానే ఒకటి, 6, 10, 14 వారాలకి అదీ కలిసిన పెంటావాలెంట్ టీకా. అన్నీ పడి, కళ్ళు పచ్చబడకుండా ఉంటే పసిపిల్లకి సూది దేనికి?

గ్లాస్గో నుంచి:
దురదకి క్యాలమైన్ లోషన్, వాసన లేని మాయిశ్చరైజర్ చాలు. రాత్రి నిద్రపట్టకపోతే ఫార్మసిస్టుని అడిగి క్లోర్‌ఫెనమిన్ అనే అలర్జీ సిరప్. ఏడాది నిండనివాళ్ళకి వద్దు. వేపాకు పసుపు ముద్ద పూయకండి, మంట పుడుతుంది, పైగా ఆ పసుపులో పొక్కు రంగు తెలియదు. మాయిశ్చరైజర్ ఇంకిన బట్టలకి నిప్పు ఇట్టే అంటుకుంటుంది, పాపని దీపం దగ్గరికి రానీయకండి. గాజు గ్లాసుతో అదిమినా మచ్చ మాయం కాకపోతే, జ్వరం కూడా ఉంటే, అంబులెన్సుకి 999. కళ్ళు పచ్చబడితే అదే రోజు జీపీ.

రెడింగ్ నుంచి:
స్టెరాయిడ్ క్రీమ్ రాస్తే త్వరగా పోతుందిగా?

గ్లాస్గో నుంచి:
దురద తగ్గొచ్చు. వారాలు తగ్గవు.