కొన్న గేమ్‌ను మన రెండు కంప్యూటర్లలో వేసుకుంటే తప్పేంటి?

వేదాయపాళెం నాన్న:
మాది నెల్లూరు. మావాడి పుట్టినరోజుకని ఒక ఆన్‌లైన్ స్టోరులో రేసింగ్ గేమ్ కొన్నాను, రెండు వేల పైనే అయింది. స్టోరు పేరు ఎందుకులే. వాడు ఇంట్లో డెస్క్‌టాప్‌లో ఆడుకుంటున్నాడు. మా పాప ఒంగోలులో ఇంజనీరింగ్, హాస్టల్లో ఉంటుంది. దసరా సెలవులకు వచ్చినప్పుడు తమ్ముడి ఖాతాతోనే తన ల్యాప్‌టాప్‌లో కూడా వేసుకుని వెళ్లింది. ఇప్పుడు అక్కడ తను తెరిస్తే ఇక్కడ వీడిది ఆగిపోతుంది. రోజూ ఫోన్లో ఒకటే రచ్చ. ఇంకోటి కొనమని ఇద్దరూ నా ప్రాణం తీస్తున్నారు. ఒకసారి డబ్బు కట్టాక మా కంప్యూటర్లకే మళ్లీ కట్టడమేంటి? హాస్టల్ పిల్లలేమో క్రాక్ (కంపెనీ తాళం విరగ్గొట్టిన దొంగ కాపీ) పెట్టుకోమంటున్నారట, అది నాకిష్టం లేదు. తెలిసినవాళ్లు చెప్పండి.

కావలి కుర్రోడు:
అన్నా, ఇందులో ఆలోచించేదేముంది? కొన్నారు, మీది. మా మామ ట్రాక్టరు కొన్నాడు. బిట్రగుంటలో సొంత పొలమూ దున్నుతాడు, అల్లూరులో కౌలు పొలమూ దున్నుతాడు. రెండో పొలానికి ఇంకో ట్రాక్టరు కొనమని కంపెనీవాడు వచ్చి అడిగాడా?

నల్లకోటు ఒంగోలు:
తమ్ముడూ, మీ మామ ట్రాక్టరు అల్లూరులో ఉంటే బిట్రగుంటలో ఉండదు. గేమ్ రెండు చోట్లా ఉంటుంది. తగాదా అంతా అక్కడే. ఎన్ని కంప్యూటర్లలో వేశారన్నది నా లెక్కలో పెద్ద విషయం కాదు. ఒకే సమయంలో ఎంతమంది ఆడుతున్నారన్నదే విషయం.

చట్టం సంగతి. 1957 కాపీరైట్ చట్టం, సెక్షన్ 52(1)(ఎఎ). ప్రోగ్రామ్ కాపీ సక్రమంగా చేతిలో ఉన్నవాడు, దాన్ని ఏ పనికి ఇచ్చారో ఆ పనికి వాడుకోవడానికి కాపీ చేసుకోవచ్చు. పోకుండా, పాడవకుండా తాత్కాలిక రక్షణగా బ్యాకప్ తీసుకోవచ్చు. ఇద్దరు రెండు ఊళ్లలో ఒకేసారి ఆడుకోవచ్చని అందులో ఎక్కడా లేదు. అందుకే ఆ సంగతి వచ్చేసరికి, కొనేటప్పుడు మనం చదవకుండా ఒప్పుకున్న లైసెన్సే, అంటే వాడుకునే అనుమతి షరతులే, మాట్లాడుతుంది.

కావలి తమ్ముడికి పనికొచ్చే ముక్క కూడా ఒకటుంది. అమ్మకం పన్ను మీద టాటా కన్సల్టెన్సీ సర్వీసెస్‌కూ మన ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వానికీ నడిచిన కేసులో, సీడీలో పెట్టి అమ్మే రెడీమేడ్ సాఫ్ట్‌వేర్ కూడా సరుకేనని 2004లో సుప్రీంకోర్టు తేల్చింది. అయితే అది పన్ను గొడవ. సరుకు అయినంత మాత్రాన దానికి కాపీలు తీసి పంచే హక్కు రాదు.

కావలి కుర్రోడు:
సరే సార్, ఒకటి అడుగుతా. యూబీసాఫ్ట్ వాళ్ల ‘ది క్రూ’ అని 2014లో వచ్చిన కార్ల గేమ్. అది నడవడానికి కావలసిన కంపెనీ సర్వర్లను 2024 మార్చి 31న ఆపేశారు. డిస్కు కొని అల్మారాలో పెట్టుకున్నవాడికి కూడా ఇప్పుడది నడవదు. అమ్మినవాడు పదేళ్ల తర్వాత మొత్తంగా పీకేసుకోవచ్చు, కొన్నవాడు రెండో కంప్యూటర్లో వేసుకుంటే మాత్రం నేరమా? ఇదెక్కడి న్యాయం?

నల్లకోటు ఒంగోలు:
న్యాయం కాదు. ఆ మాటలో నేను నీ పక్షమే. కాలిఫోర్నియాలో దీనిమీద చట్టమే తెచ్చారు. శాశ్వతంగా ఇవ్వని డిజిటల్ సరుకు అమ్మేటప్పుడు, ఇది లైసెన్సు మాత్రమేనని స్పష్టంగా చెప్పి తీరాలి. 2025 జనవరి నుంచి అమల్లో ఉంది. కానీ వాళ్లు నిన్ను మోసం చేశారు కాబట్టి నువ్వు ఇద్దరికి ఆడించొచ్చు అనేది వేరే వాదన. ఆ రెండూ కలపకు.

పాత సీడీల పిచ్చోడు:
ఈ గొడవ ఇవాళ్టిది కాదబ్బా. ఒకప్పుడు కంపెనీలే ఉదారంగా ఉండేవి. 1998లో స్టార్‌క్రాఫ్ట్ అనే గేమ్ వచ్చినప్పుడు, ఒక్క సీడీ కొంటే స్నేహితుల కంప్యూటర్లలో ‘స్పాన్’ అని మల్టీప్లేయర్‌కు (కలిసి ఆడటానికి) మాత్రమే పనికొచ్చే కాపీ వెయ్యనిచ్చేవారు. నలుగురు ఆడితేనే ఐదోవాడు కొంటాడని వాళ్లకు తెలుసు.

తర్వాత బుద్ధి మారింది. 2007లో బయోషాక్ అనే గేమ్‌ను మొదట రెండు కంప్యూటర్లకే పరిమితం చేశారు. జనం తిడితే ఐదుకు పెంచి, మరుసటి ఏడాది ఆ పరిమితే ఎత్తేశారు. 2008లో స్పోర్ అనే గేమ్‌కు మూడు యాక్టివేషన్లే, అంటే మూడుసార్లే కంప్యూటర్లో వేసి తెరిపించుకోవచ్చు, అన్నారు. విండోస్ పాడై మళ్లీ వేసుకున్నా ఒకటి తగ్గే అవకాశం ఉండేది. అమెజాన్‌లో జనం ఒక్క స్టార్లతో ముంచెత్తారు. మజా ఏంటంటే, ఇంత తాళం వేసినా ఆ ఏడాది ఎక్కువగా దొంగ కాపీలు దిగిన గేముల్లో అదీ ఒకటి. దొంగ కాపీవాడికి యాక్టివేషన్ టెన్షనే లేదు, డబ్బు కట్టినవాడే కస్టమర్ కేర్‌కు ఫోన్లు చేసుకోవాలి. అందుకే కంప్యూటర్లను లెక్కపెట్టే పద్ధతి మీద నాకు అసలు గౌరవం లేదు. మనిషిని లెక్కపెట్టండి, ఒప్పుకుంటా.

వేదాయపాళెం నాన్న:
చరిత్ర బాగుంది సార్. నా ఇంట్లో రచ్చకు మందు చెప్పండి ముందు.

పాత సీడీల పిచ్చోడు:
మీరు కొన్న స్టోరు స్టీమ్ అయితే, 2024 సెప్టెంబరు నుంచి అందరికీ ‘స్టీమ్ ఫ్యామిలీస్’ ఉంది. ఆరుగురి దాకా, ఎవరి ఖాతా వారిది. ఒకరు కొన్న గేమ్ మిగతావాళ్ల లైబ్రరీలో కనిపిస్తుంది. మీవాడు క్రికెట్ గేమ్ ఆడుతుంటే పాప రేసింగ్ ఆడుకోవచ్చు. ఒకే గేమ్ ఇద్దరూ ఒకేసారి ఆడాలంటే మాత్రం రెండు కాపీలు ఉండాలి. వేరే కంపెనీ ఖాతా అడిగే కొన్ని గేములు పంచుకోవడానికి రావు, ముందే చూసుకోండి. పాప ఆ గేమ్‌లో చీటింగ్ చేసి దొరికితే కొన్న మీవాడికీ నిషేధం పడొచ్చు. ఒకసారి కుటుంబంలోంచి బయటికొస్తే, అందులో చేరిన రోజు నుంచి ఏడాది నిండేదాకా ఇంకో కుటుంబంలో చేరనివ్వరు. అలిగి తీసేయకండి.

తాళం గొడవే వద్దంటే గాగ్ (GOG) అనే ఇంకో స్టోరు ఉంది. ఇన్‌స్టాలర్ దించుకుని ఇంట్లో ఎన్ని కంప్యూటర్లుంటే అన్నిట్లో వేసుకోమంటారు. ఇంటి బయటివాళ్లకు ఇవ్వొద్దంటారు, అంతే. కాకపోతే అన్ని గేములూ అక్కడ దొరకవు.

కావలి కుర్రోడు:
ఇంత తతంగం ఎందుకు? ఒక కంప్యూటర్లో నెట్ తీసేసి ఆఫ్‌లైన్ మోడ్‌లో ఆడమను. రెండూ నడుస్తాయి.

నల్లకోటు ఒంగోలు:
నడుస్తాయి. కానీ ఖాతా, పాస్‌వర్డ్ ఇంకొకరికి ఇవ్వకూడదని స్టీమ్ ఒప్పందంలోనే రాసుంది. అక్కాతమ్ముళ్లయినా సరే. క్రాక్ జోలికి మాత్రం వద్దు. తెలిసి దొంగ కాపీ వాడితే అదే కాపీరైట్ చట్టంలో 63బి సెక్షన్. వ్యాపారానికి కాకపోతే జైలు లేకుండా 50,000 దాకా జరిమానాతో వదిలే వెసులుబాటు కోర్టుకుంది. హాస్టల్ పిల్ల మీద కేసెవడు పెడతాడంటారా? పెట్టకపోవచ్చు. ల్యాప్‌టాప్‌లోకి వచ్చే వైరస్‌కు కేసుతో పనిలేదు.

కర్నూల్ రోడ్డు గేమింగ్:
ఒంగోలులో గేమింగ్ సెంటర్ నడుపుతాను. ఇళ్లలో పరవాలేదు గానీ, సొంతానికి కొన్న ఖాతాలు సెంటర్లో పెట్టి గంటకింత అని వసూలు చేసేవాళ్లున్నారు. అది తప్పు. సెంటర్లకు స్టీమ్‌లో వేరే లైసెన్సు పద్ధతి ఉంది. నా దగ్గర ఎక్కువగా ఆడేవి వాలరెంట్, కౌంటర్ స్ట్రైక్ గేములు. ఎవరి ఖాతాతో వాళ్లే వస్తారు. అయితే హాస్టల్‌ను ఇల్లు అంటారా? ఫ్యామిలీ అంటే ఒకే ఇంట్లో ఉండేవాళ్లని కదా వాళ్ల ఉద్దేశం?

వేదాయపాళెం నాన్న:
ఫీజు నేనే కడుతున్నా, రేషన్ కార్డులో పేరుంది, పండగకు ఇంటికే వస్తుంది. ఇల్లు కాకపోతే ఏంటి సార్?

నల్లకోటు ఒంగోలు:
ఈ పాయింటులో మీరే గెలిచారు. చదువుకోసం బయటున్న బిడ్డ ఇంటి మనిషే. ఆ హాస్టల్ రూమ్మేటు మాత్రం కాదు.

కావలి కుర్రోడు:
నాదొకటే మాట. ఇంట్లో ఒకరు కొన్నాక రెండో కాపీ సగం ధరకు ఇవ్వాలి. అప్పుడెవడూ క్రాక్ వైపు చూడడు.

వేదాయపాళెం నాన్న:
మా స్టోరులోనూ అలాంటి కుటుంబ ఏర్పాటే ఉంది, ఈ గేమ్ కూడా అందులో వస్తుంది. పాపకు వేరే ఖాతా తెరిపించాం. ఇద్దరికీ అదే గేమ్, అదే టైములో కావాలి కాబట్టి రచ్చ మాత్రం తగ్గలేదు. ఇంకో రెండు వేలు ఇప్పుడు పెట్టను.

పాత సీడీల పిచ్చోడు:
డిసెంబరు సేల్ దాకా ఆగండి. పాత గేమైతే కావలి కుర్రోడు చెప్పిన సగం ధరకే దొరకొచ్చు. అప్పటిదాకా పరీక్షలున్నాయని చెప్పి పాపను చదువుకోమనండి.