యజమాని వితంతువైతే కిరాయిదారు ఏమీ చేయలేడా? (ఢిల్లీ, సెక్షన్ 14డి)

కరోల్‌బాగ్ అమ్మాయి:
అందరికీ నమస్కారం. నాన్నగారు 1984 నుంచి కరోల్‌బాగ్‌లో రెండు గదుల వాటాలో అద్దెకుంటున్నారు. నెలకు 650 రూపాయలు. పాత ఓనరు మూడేళ్ల కిందట ఇల్లు అమ్మేశారు. కొన్నావిడకు అప్పటికే భర్త లేరు. ఇప్పుడు ఆవిడ ఢిల్లీ అద్దె నియంత్రణ చట్టం 14డి కింద, తను ఉండటానికి ఇల్లు కావాలని కేసు వేశారు. సమన్లు వచ్చి తొమ్మిది రోజులైంది. నాన్నగారికి 79 ఏళ్లు. ఆ కాగితం దిండు కింద పెట్టుకుని పడుకుంటున్నారు. తీస్ హజారీ కోర్టులో ఒక వకీలు "వితంతువు కేసు, గెలవరు, రాజీపడండి" అన్నారు. ఆవిడ మీద నాకు కోపం లేదు. కానీ మా మాట వినేవాళ్లే ఉండరా?

పాత గుమాస్తా:
ఉంటారమ్మా. వకీళ్ల దగ్గర ఇరవై ఏళ్లు పనిచేశాను, ఈ కేసులు చాలా చూశాను.

ముందు గడువు. అదే చట్టం 25బి కింద సమన్లు అందిన 15 రోజుల్లో లీవ్ టు డిఫెండ్ దరఖాస్తు, అంటే కేసులో మన వాదన వినిపించడానికి అనుమతి కోరే దరఖాస్తు, అఫిడవిట్‌తో కలిపి వేయాలి. దాటితే ఆవిడ చెప్పినవన్నీ మీరు ఒప్పుకున్నట్టే. ఆలస్యాన్ని మన్నించే అధికారం ఈ కేసులు విచారించే రెంట్ కంట్రోలర్‌కు లేదని పృథీపాల్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు తేల్చేసింది.

ఇక అసలు సంగతి. 14డి అక్కరకొచ్చేది ఆ వితంతువు గానీ, ఆమె భర్త గానీ అద్దెకిచ్చిన ఇంటికే. మీ నాన్నగారికి ఇచ్చింది పాత ఓనరు కదా! కిరాయిదారు ఉన్న ఇంటిని తర్వాత సంపాదించుకున్న వితంతువుకు ఈ సెక్షన్ వర్తించదని నాథీ దేవి కేసులో ఐదుగురు జడ్జీల ధర్మాసనం చెప్పింది. మామూలు సొంత అవసరం కేసు, అంటే 14(1)(ఇ), వేద్దామన్నా కొన్న ఐదేళ్ల దాకా కుదరదు. అందుకే ఈ దారి పట్టి ఉంటారు.

అఫిడవిట్‌లో నాన్నగారి వయసు, జబ్బులు పేజీలకు పేజీలు రాయకండి. మనసు కరుగుతుందేమో గానీ అది డిఫెన్స్ కాదు. ఎవరు అద్దెకిచ్చారు, ఎప్పుడు, రసీదు ఏది, ఆవిడ కొన్న తేదీ ఏది, ఇవి రాయండి. మీరు గెలుస్తారా లేదా అని ఇప్పుడు చూడరు. చెప్పినవి నిజమైతే ఖాళీ చేయించే ఉత్తర్వు ఆగుతుందా అన్నదే చూస్తారు.

పదిహేడో రోజు:
గుమాస్తాగారు గడువు గురించి చెప్పింది గుండెలో పెట్టుకోండి. మా ఓనరు రిటైరైన సైనికాధికారి, 14బి కింద వేశారు. రిటైరైన ఏడాదిలోపు వేయాల్సింది, ఆయన వేసింది పద్నాలుగు నెలలకు. మంచి పాయింటే. కానీ నాన్న ఆసుపత్రిలో ఉండి మేం దరఖాస్తు వేసింది పదిహేడో రోజు. ఆ పాయింటు ఎవరూ చూడనే లేదు. ఇల్లు పోయింది.

కరోల్‌బాగ్ అమ్మాయి:
రాత్రి ట్రంకుపెట్టె మొత్తం తీశాం. 1984 ఏప్రిల్ రసీదు దొరికింది! మడత దగ్గర చిరిగింది, రెవెన్యూ స్టాంపు మీద పాత ఓనరు సంతకం సగం చెరిగింది, పేరు మాత్రం చదవొచ్చు. జిరాక్స్ చాలా?

పాత గుమాస్తా:
అఫిడవిట్‌కు జిరాక్స్ జతచేయండి, అసలుది ప్లాస్టిక్ కవర్లో భద్రంగా ఉంచండి. టేపు అంటించకండి. వేరే వకీలును చూసుకుని రేపే వేయండి, పదిహేనో రోజు దాకా ఆగొద్దు.